ఆండ్రాయిడ్ వారు ఆండ్రాయిడ్‌లోనే, ఐఫోన్ వారు ఐఫోన్‌లోనే ఎందుకు ఉండిపోతున్నారు?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెప్పుకొని మొదలుపెడతాను. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్న మీ నాన్నగారికి కొత్త ఐఫోన్ కొనిస్తానన్నారు, ఆయన వద్దన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మీ చెల్లెలికి తక్కువ ధరలో మంచి కెమెరా ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ చూపించారు, ఆమె ఐఫోన్ వదిలేది లేదన్నారు. రెండు రకాల ఫోన్లూ దాదాపు ఒకే పని చేస్తున్న ఈ రోజుల్లో మనుషులు ఉన్నచోటే ఎందుకు ఉండిపోతున్నారు, ఇది మొండితనమా, పేరు మీద మోజా, కంపెనీలు వేసిన ముడులా అన్నది మీ ప్రశ్న.

శ్రీకాకుళంలో ఫోన్లు అమ్మడం, బాగుచేయడం, పాత ఫోన్లో ఉన్నదంతా కొత్త ఫోన్లోకి ఎక్కించి ఇవ్వడం నా వృత్తి. నోకియా కీప్యాడ్ ఫోన్ల కాలం నుంచీ ఇదే పనిలో ఉన్నాను కనుక, ఫోను మార్చేటప్పుడు మనుషులు దేనికి భయపడతారో, దేనికి భయపడరో దగ్గరగా చూస్తూ వచ్చాను. దాన్నిబట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: మన ప్రాంతంలో చాలామంది వదల్లేనిది ఫోనును కాదు, ఫోనులో చిక్కు వచ్చినప్పుడు పక్కన కూర్చుని విప్పిపెట్టే మనిషిని. కంపెనీలు వేసిన ముడులు ఉన్నాయి, వాటినీ వివరిస్తాను. కాని సహాయం చేసే మనిషి ఉన్నచోట ఆ ముడులు వదులవుతాయి, లేనిచోట బిగుస్తాయి.

మొండితనం అన్న మాటను ముందుగా పక్కన పెట్టాలి. మీ నాన్నగారు ఇప్పటికి రెండుసార్లు సిమ్ పోర్ట్ చేయించుకున్నారని మీరే రాశారు. మార్పంటే గిట్టని మనిషి ఆ పని చేయరు. నంబరు అలాగే ఉంచుకొని కంపెనీ మార్చుకునే సదుపాయం మన దేశంలో 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. 1900కు ఒక మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, ఆ కోడ్‌తో దుకాణానికి వెళ్లి ఆధార్ వివరాలు ఇస్తే కొత్త సిమ్ చేతికి వస్తుంది. మందస వైపు గ్రామాల్లోనూ, పార్వతీపురం ఏజెన్సీ అంచుల్లోనూ సిగ్నలు అందని కంపెనీని జనం ఏ మొహమాటమూ లేకుండా వదిలేస్తున్నారు. తన నంబరు, ఆ నంబరు మీద నడిచే వ్యాపారం, బంధువుల పిలుపులు చెక్కుచెదరవన్న ధైర్యం ఉన్నచోట మనవాళ్లు వెంటనే మారతారు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కో, ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కో వెళ్లేటప్పుడు ఆ ధైర్యం ఇచ్చే ఏర్పాటు ఏదీ లేదు.

పేరు మీద అభిమానం అన్నదీ సగమే నిజం. ఒకప్పుడు ఉత్తరాంధ్రలో నోకియా మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు ఏ కంపెనీ మీదా లేదు. 2011 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఫోన్లను నడిపే తన సాఫ్ట్‌వేర్ సింబియాన్‌ను పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్‌ను నమ్ముకుంది. 2014లో ఫోన్ల విభాగం మొత్తం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఆ విండోస్‌తో వచ్చిన లూమియా ఫోన్లు గట్టివి, వాడకానికి తేలికైనవి, అయినా కావలసిన యాప్‌లు రాకపోవడంతో జనం వాటిని వదిలేశారు. నోకియా వారి పాత ఎస్40 సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లలో 2018 డిసెంబరు చివరితో, విండోస్ ఫోన్లలో 2019 డిసెంబరు చివరితో వాట్సాప్ ఆగిపోయింది. అంతవరకు నా ఫోను నాకు చాలునని కూర్చున్నవారు కూడా అప్పుడు కదిలారు. కంపెనీ పేరు మీద ఎంత ప్రేమ ఉన్నా, కొడుకు గొంతు, మనవడి ఫోటో ఆ ఫోనుకు రావని తెలిసిన రోజున ఎవరూ ఆగలేదు.

మనుషులు ఉన్నదాన్నే పట్టుకొని ఉండటం మీద పరిశోధన చాలా జరిగింది. దొరికే లాభం కంటే పోయే నష్టం మనసుకు ఎక్కువ బరువుగా తోస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో చూపించారు. ఇదివరకు ఉన్న ఏర్పాటునే కొనసాగించాలన్న మొగ్గు గురించి విలియం శామ్యూల్‌సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ 1988లో రాశారు. ఈ రెండూ దుకాణంలో రోజూ కనిపించేవే: కొత్త ఫోన్ కెమెరా గురించి ఎంత చెప్పినా తల ఊపి ఊరుకునేవారు, పాత ఫోన్లో ఉన్న అమ్మ వాయిస్ మెసేజ్ ఒకటి పోతుందేమోనని నాలుగుసార్లు అడుగుతారు. అయితే అదే మనిషి సిమ్‌ను మాత్రం జంకు లేకుండా మార్చేస్తున్నాడు కనుక, కారణాన్ని మనిషి స్వభావంలో వెతికి ఊరుకుంటే చాలదు. అతని ఫోనులో ఏముందో, అతని చుట్టూ ఎవరున్నారో చూడాలి.

మీ నాన్నగారి సంగతికి వస్తాను. పిక్కల ధర, పప్పు గ్రేడు, లారీ బయలుదేరే వేళ, బాకీ ఎప్పటికి తీరుతుందన్న మాట, ఇవన్నీ ముందు ఫోనులోనే ఖరారవుతాయి, కాగితం తర్వాత వస్తుంది. అందుకే పలాస, కాశీబుగ్గల నుంచి నా దగ్గరకు వచ్చే వ్యాపారులు కాల్ రికార్డింగ్ ఉందా అని మొదటే అడుగుతారు. ఐఫోన్‌లో ఆ సదుపాయం 2024 అక్టోబరులో ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 18.1 వచ్చేవరకు లేదు. ఇప్పుడు ఉన్నా, రికార్డు మొదలైందని ఇద్దరికీ వినిపించేలా ప్రకటన వస్తుంది. గూగుల్ డయలర్ (కాల్ చేసే యాప్) ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అలాంటి ప్రకటనే వస్తుంది, కాని కొన్ని కంపెనీలు తమ సొంత డయలర్ ఇస్తాయి, వాటిలో రాదు. ఎదుటివారికి చెప్పకుండా రికార్డు చేయడం తగదన్నది నా నమ్మకం, అడిగినవారికి అదే చెబుతాను. అయినా మీ నాన్నగారి వంటివారు ఫోను ఎంచుకునేటప్పుడు ఈ లెక్క వేసుకుంటారన్నది కాదనలేని విషయం.

రెండు నంబర్లకు రెండు వాట్సాప్‌లు కావడం మరో లెక్క. ఇంటికి ఒకటి, వ్యాపారానికి ఒకటి. డ్యూయల్ యాప్స్ పేరుతో ఆండ్రాయిడ్ కంపెనీలు దీన్ని ఎప్పటినుంచో ఇస్తున్నాయి. 2023 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్‌లో ఒకే వాట్సాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలును వాట్సాప్ కూడా కల్పించింది. ఐఫోన్ వాడేవారు చాలాకాలం రెండో నంబరును వాట్సాప్ బిజినెస్ యాప్‌లో నడుపుకోవలసి వచ్చింది. ఇక కొన్ని ఉద్యోగాల్లో ఎంపిక అన్న మాటే ఉండదు. ఊళ్లలో ఆధార్ వేలిముద్రతో డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్రలు తమ వేలిముద్ర యంత్రాన్ని ఓటీజీ కేబుల్‌తో (ఫోనుకు బయటి పరికరాన్ని కలిపే తీగ) ఆండ్రాయిడ్ ఫోనుకు తగిలించుకొని పనిచేస్తారు. పనికి కావలసిన యాప్‌ను స్టోర్‌లో పెట్టకుండా, ఏపీకే ఫైలుగా (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వాట్సాప్ గ్రూపులో పంపే అలవాటు కూడా ఉంది. ఐఫోన్‌లో ఆ ఫైలు ఎక్కదు. (పంపినది ఎవరో తెలియని ఏపీకే ఫైలును ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కించుకోవద్దని మీ నాన్నగారికి తప్పక చెప్పండి. పెళ్లి పిలుపు, బ్యాంకు కేవైసీ, వాహనం చలానా పేర్లతో వచ్చే ఇలాంటి ఫైళ్ల వల్ల ఖాతాలు ఖాళీ అయినవారు ఉన్నారు.)

ఇవన్నీ ఒక ఎత్తు, నేను మొదట చెప్పిన మనిషి ఒక ఎత్తు. యూపీఐలో డబ్బు మధ్యలో ఆగినప్పుడు, ఫోటో తెరుచుకోనప్పుడు, అక్షరాలు ఉన్నట్టుండి చిన్నవైపోయినప్పుడు మీ నాన్నగారు ఎవరిని పిలుస్తారో ఒకసారి ఆలోచించండి. మీరు దూరాన ఉన్నారు, మీ చెల్లెలు దూరాన ఉన్నారు. ఆయన పిలిచేది ప్యాకింగ్ దగ్గర పనిచేసే కుర్రవాడిని, ఎదురింట్లో ఇంటర్ చదివే అమ్మాయిని, బజారులో ఫోన్ల దుకాణం నడిపే మనిషిని. దేశంలో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో నూటికి 90కి పైగా ఆండ్రాయిడ్‌వే కనుక వీరందరికీ చేతివేళ్ల మీద ఉన్నది అదే. ఎదురింటి అమ్మాయి చేతికి ఐఫోన్ ఇస్తే, “తాతయ్యా, ఇది నాకు తెలీదు” అంటుంది. ఆ ఒక్క మాట వినవలసి వస్తుందేమోనన్న సంకోచం, ధర కంటే, కెమెరా కంటే పెద్దవారిని ఎక్కువగా ఆపుతుంది. ఎందుకంటే పరాయివారి సహాయం అడగడమే వారికి కష్టం, అడిగినా దొరకదన్న పరిస్థితి అంతకంటే కష్టం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది మరింత బలంగా పనిచేయడానికి కారణం వలస. ఎచ్చెర్ల, గార మండలాల తీర గ్రామాల నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి వేట బోట్ల మీద ఉంటారు. మిగిలిన ఊళ్ల నుంచి కొందరు హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నాల్లో పనులకు, కొందరు గల్ఫ్ దేశాలకు వెళ్తారు. ఫోను బాగా తెలిసిన వయసువారు ఊరు దాటి ఉంటారు, వారితో మాట్లాడటానికి ఫోను తప్పనిసరి అయిన పెద్దవారు ఊళ్లో ఉంటారు. వేరావల్ నుంచి భర్త, “కింద మధ్యలో ఉన్న గుండ్రటి గుర్తు నొక్కు, పైన కుడిపక్క మూడు చుక్కలు ఉంటాయి చూడు” అని చెబుతుంటే ఇక్కడ భార్య నొక్కుతూ పోతుంది. ఇద్దరి ఫోన్లూ ఒకేలా ఉంటేనే ఆ సంభాషణ సాగుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది తమతో పాటు పక్కింటివారి ఫోనునో, అల్లుడి ఫోనునో తెచ్చి, అచ్చం ఇలాంటిదే ఇమ్మని అడుగుతారు. వారికి ఆండ్రాయిడ్, ఐఓఎస్ అన్న తేడా కూడా రెండో మాటే. ఒక ఆండ్రాయిడ్ కంపెనీ నుంచి మరో ఆండ్రాయిడ్ కంపెనీకి వెళ్లినా సెట్టింగ్స్ పేర్లు, గుర్తులు, కాల్ ఎత్తే తీరు మారిపోతాయి కనుక అది కూడా వారికి పెద్ద మార్పే. ఐఫోన్‌లో అయితే ఆండ్రాయిడ్‌లో ఉన్నట్లు అన్నిచోట్లా పనిచేసే వెనక్కి బటనే ఉండదు, అరవై దాటినవారికి ఇది చిన్న విషయం కాదు. దారి తప్పిన ప్రతిసారీ వెనక్కి నొక్కి ఇంటికి చేరుకోవడం వారు నేర్చుకున్న మొదటి విద్య.

ఇప్పుడు కంపెనీల ముడులు. అందులో మనవాళ్లకు అన్నిటికంటే గట్టిగా తగిలేది వాట్సాప్ పాత సంభాషణలు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్‌లో ఆపిల్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది; ఒకదాని బ్యాకప్ రెండోది చదవలేదు. 2021 వరకు ఇటు నుంచి అటుగాని, అటు నుంచి ఇటుగాని తీసుకెళ్లే అధికారిక మార్గమే లేదు. ఆ ఏడాది ఐఫోన్ నుంచి ముందుగా సామ్‌సంగ్ ఫోన్లకు, తర్వాత ఆండ్రాయిడ్ 12 ఉన్న మరికొన్నిటికి కేబుల్‌తో మార్చే వీలు కల్పించారు. 2022లో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మార్చే వీలు వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో మూవ్ టు ఐఓఎస్ అనే యాప్ వేసి, ఐఫోన్‌ను మొదటిసారి తెరిచే సమయంలోనే రెండిటినీ కలపాలి. ఐఫోన్‌ను ముందు తెరిచి, వాట్సాప్ వేసి, నంబరు ఇచ్చి వాడటం మొదలుపెట్టినవారు మళ్లీ దాన్ని పూర్తిగా చెరిపి మొదటినుంచి చేయవలసి వస్తుంది. కొత్త ఫోను చేతికి రాగానే ఆత్రంగా తెరవడం సహజం కనుక, పాత సంభాషణలు పోగొట్టుకొని వచ్చేవారిలో ఎక్కువమందికి జరిగేది ఇదే. అంతా సరిగా చేసినా కాల్ హిస్టరీ రాదు. అలా పోగొట్టుకున్నవారిలో ఒకరు తన అనుభవాన్ని పది మందికి చెబితే ఆ పది మందీ ఫోను మార్చే ఆలోచన మానుకుంటారు, ఈ మార్గం ఉందని వారికి చెప్పేవారు ఉండరు.

దీనికంటే తక్కువగా మాట్లాడుకునే ముడి మరొకటి ఉంది, నా అనుభవంలో అది ఇంకా గట్టిది. పెద్దవారి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న జీమెయిల్ ఖాతా ఎవరు తెరిచారో, పాస్‌వర్డ్ ఏమిటో వారికి తెలియదు. ఫోను కొన్న రోజున దుకాణంలో ఎవరో తోచిన పేరుతో ఖాతా తెరిచి ఇచ్చారు, రికవరీ నంబరుగా అప్పుడు వాడుతున్న సిమ్ పెట్టారు, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. పరిచయాల నంబర్లు కొన్ని ఆ ఖాతాలో, కొన్ని ఫోనులో, కొన్ని సిమ్ కార్డులో ఉంటాయి. ఫోను మారే రోజున ఇవన్నీ ఒక్కసారి బయటపడతాయి. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి, దొంగతనాలను అరికట్టడానికి, బలవంతంగా రీసెట్ చేసిన ఫోను పాత గూగుల్ ఖాతా వివరాలు ఇస్తేనే తెరుచుకునే ఏర్పాటు ఉంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 7తో 2013లోనే యాక్టివేషన్ లాక్ పేరుతో అలాంటిది వచ్చింది. దొంగ కోసం పెట్టిన తాళాలు ఇవి, కాని తాళంచెవి ఎక్కడుందో తెలియని యజమానిని కూడా బయటే నిలబెడతాయి. మా వృత్తిలో ఉన్నవారంతా ఫోను అమ్మిన రోజునే ఖాతా పేరు, పాస్‌వర్డ్ కొనుగోలుదారు చేతనే రాయించి, ఇంట్లోవారి నంబరును రికవరీకి పెట్టించాలని నేను గట్టిగా కోరుకుంటాను. పది నిమిషాల పని, దాని లోపం వల్ల ఒక కుటుంబపు ఏళ్ల ఫోటోలు పోతున్నాయి.

యూపీఐ సంగతి చాలామంది అనుకున్నంత కష్టం కాదు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తెచ్చిన ఆ వ్యవస్థ రెండు రకాల ఫోన్లలోనూ ఒకటే. కొత్త ఫోనులో సిమ్ వేశాక ఆ సిమ్ నుంచి బ్యాంకుకు ఒక ఎస్ఎంఎస్ వెళ్తుంది (ఆండ్రాయిడ్‌లో దానంతట అదే వెళ్తుంది, ఐఫోన్‌లో మనమే పంపాలి), దానితో ఖాతా ఆ ఫోనుకు ముడిపడుతుంది. రీఛార్జ్ గడువు తీరి ఎస్ఎంఎస్ వెళ్లకపోవడమే ఇక్కడ తరచుగా వచ్చే ఇబ్బంది. కొత్త ఫోనులో మొదటి 24 గంటలు, ఐఫోన్ అయితే చాలా బ్యాంకుల్లో 72 గంటల వరకు, బ్యాంకులు సాధారణంగా 5,000 రూపాయల పరిమితి పెడతాయి, కాబట్టి సరుకు డబ్బు కట్టవలసిన రోజున ఫోను మార్చకూడదు. దీన్ని ముందుగా చెబితే ఎవరూ భయపడరు; చెప్పకపోతే డబ్బు ఆగిన మొదటి క్షణంలోనే పాత ఫోను తీసుకొస్తారు.

మీ చెల్లెలి విషయంలో ముడులు వేరు, కాని సహాయం చేసే మనుషుల సూత్రం ఒకటే. ఆమె చేతికి ఆపిల్ వాచ్ ఉందని రాశారు. అది ఐఫోన్‌తో తప్ప నడవదు. ఫోను మారిస్తే వాచ్ కూడా మార్చాలి, అందులో పోగైన ఆరోగ్య వివరాలూ వెనకబడిపోతాయి. ఆమె ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉన్నాయి. ఉచితంగా వచ్చేది 5 జీబీ మాత్రమే కనుక ఈపాటికి నెలనెలా డబ్బు కడుతూ ఉంటారు. గూగుల్ 15 జీబీ ఇచ్చినా, 2021 జూన్ 1 నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి కాబట్టి అటు వెళ్లినా డబ్బు కట్టవలసి రావచ్చు. ఆఫీసులో, హాస్టల్లో స్నేహితులందరూ ఐఫోన్ వారైతే ఫోటోలు ఎయిర్‌డ్రాప్‌లో (ఆపిల్ పరికరాల మధ్య నేరుగా పంపే సదుపాయం) క్షణంలో చేతులు మారతాయి, ఛార్జర్ దగ్గర నుంచి సెట్టింగ్స్ సందేహం దాకా ఆమెకు పక్క కుర్చీలోనే సమాధానం దొరుకుతుంది. మీ నాన్నగారికి ఎదురింటి అమ్మాయి ఏమిటో, ఆమెకు ఆ స్నేహితులు అది. ఐఫోన్ చేతిలో ఉంటే వచ్చే గుర్తింపు కూడా కొంత ఉంటుంది, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు; కాని ఆమె నిర్ణయం అంతా దాని మీదే నిలబడిందని మీరు అనుకుంటే అన్యాయమవుతుంది.

అమెరికాలో ఐఫోన్ పట్టు గురించి మీరు చదివినదాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేము. అక్కడ సందేశాలకు ఆపిల్ వారి సొంత మెసేజ్ సేవ ఐమెసేజ్ ప్రధానం, ఆండ్రాయిడ్ నుంచి వచ్చేవి ఆకుపచ్చ రంగులో వేరుగా కనిపిస్తాయి. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోన్ కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందన్న అర్థంలో ఆపిల్ ఉన్నతాధికారి ఒకరు రాసిన మెయిల్, ఆటల కంపెనీ ఎపిక్ గేమ్స్‌తో నడిచిన కేసులో 2021లో బయటపడింది. 2024 మార్చి 21న అమెరికా న్యాయశాఖ ఆపిల్ మీద వేసిన దావాలో సందేశాలు, స్మార్ట్ వాచ్‌లు, డిజిటల్ వ్యాలెట్ల ద్వారా వినియోగదారులను కట్టిపడేస్తున్నారన్న ఆరోపణలు ఉన్నాయి. మన దగ్గర అమ్మమ్మ నుంచి ఆఫీసు దాకా అందరూ వాట్సాప్‌లో ఉన్నారు, అది రెండిటిలోనూ ఒకటే. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర సేవలు కూడా వాట్సాప్‌లోనే వస్తున్నాయి, అందుకు ఏ ఫోనైనా సరే. కాబట్టి సందేశాల ముడి ఇక్కడ దాదాపు లేదు. ఉన్నది పాత సందేశాల ముడి.

చట్టం గురించి ఒక మాట చెప్పాలి. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది, 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను నిలబెట్టింది. ఇది మంచి పనే, కాని అది ఫోన్ల తయారీదారులకు, ఇతర కంపెనీలకు గూగుల్ పెట్టిన షరతుల గురించిన తీర్పు. ఒక సామాన్యుడు తన సంభాషణలు, ఫోటోలు, పరిచయాలు తీసుకొని ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు వెళ్లే హక్కు, సిమ్ పోర్టింగ్ అంత స్పష్టంగా, అంత తేలికగా మన దేశంలో ఇంకా రాలేదు. రావాలని నేను కోరుకుంటున్నాను. 1900కు మెసేజ్ పెట్టడం నేర్చుకున్న జనం దీన్నీ నేర్చుకుంటారు.

ఒకప్పుడు బలంగా ఉండి ఇప్పుడు సడలిన కారణాలూ ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాన్ని తాకి ఉద్దానం మొత్తం రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు, జనరేటరు ఉన్నచోట వరుసగా ఫోన్లు పెట్టి ఛార్జ్ చేసుకున్నారు. ఐఫోన్ కేబుల్ వేరు కావడంతో అలాంటి చోట అది పనికిరాదన్న మాట మన వైపు చాలాకాలం నిలిచిపోయింది. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్-సి కేబులే కనుక ఇప్పుడు ఆ తేడా లేదు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడేవి, కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. మన భాషే ఆ ఫోనును ఆపేసిన ఆ రోజుల్లో కూడా ఐఫోన్ వదిలేస్తానని వచ్చినవారు నాకు కనబడలేదు. సాంకేతిక లోపం ఒక్కటే మనిషిని కదిలించదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇక మీరు చేయవలసినది. మీ నాన్నగారిని ఇప్పుడున్న కంపెనీ ఫోనులోనే ఉండనివ్వండి, కొత్తది కొనాలంటే అదే కంపెనీలో పెద్ద తెర, పెద్ద బ్యాటరీ ఉన్నది కొనండి. మిగిలిన డబ్బు కంటే విలువైన పని ఒకటుంది: సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆయన జీమెయిల్ పేరు, పాస్‌వర్డ్ తెలుసుకొని, తెలియకపోతే కొత్తది పెట్టించి, రికవరీకి మీ నంబరు ఇచ్చి, పరిచయాలన్నీ ఆ ఖాతాలోకి చేర్చి, వాట్సాప్ బ్యాకప్ నిజంగా జరుగుతోందో లేదో తేదీ చూసి నిర్ధారించుకోండి. ఆయనే కోరి ఐఫోన్‌కు మారాలనుకుంటే మాత్రం, మీరు కనీసం వారం రోజులు ఇంట్లో ఉండే సమయం చూసుకోండి, మూవ్ టు ఐఓఎస్ పని పూర్తయ్యేవరకు కొత్త ఫోనును వేరుగా తెరవవద్దు, పాత ఫోనును నెల రోజులు ఇంట్లోనే ఉంచండి. ఎదురింటి అమ్మాయికి కూడా ఆ వారంలోనే ఐఫోన్ నేర్పించగలిగితే సగం పని పూర్తయినట్లే.

మీ చెల్లెలిని ఒత్తిడి చేయవద్దు. ఆ వాచ్ పాతబడి మార్చవలసిన రోజున ఆమె రెండిటి ధరలూ కలిపి లెక్క వేసుకుంటారు, అప్పుడు మాట్లాడటం న్యాయం. ఒకవేళ మారాలని నిశ్చయించుకుంటే, ఐక్లౌడ్ ఫోటోలను గూగుల్ ఫోటోస్‌లోకి పంపమని ఆపిల్ వారి గోప్యతా పేజీలోనే అడగవచ్చు, దానికి కొన్ని రోజులు పడుతుంది, గూగుల్ ఖాతాలో చాలినంత చోటు ముందే ఉండాలి. ఫోటోలన్నీ అటు చేరాయని చూసుకున్నాక, ఐఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చే ముందు ఐమెసేజ్ ఆపేసి, ఫైండ్ మై (పోయిన ఫోనును వెతికిపెట్టే సదుపాయం) తీసేసి, ఆపిల్ ఖాతా నుంచి బయటకు రావాలి. ఇది చేయకుండా ఇచ్చేసిన ఫోన్లు తాళం పడి మా దుకాణాలకు వస్తుంటాయి, అప్పుడు పాత యజమానికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగడం తప్ప మేము చేయగలిగింది ఏమీ ఉండదు.